కోసిగి వైపు క్యాన్సర్ లేదన్న రోజులు

సూది వేయని డాక్టరు

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ డాక్టరుగా పనిచేసి, సూది చేత పట్టకుండానే రిటైరైన మనిషిని నేను. మా అమ్మకు ఇది చివరిదాకా మింగుడుపడలేదు. మాది జమ్మలమడుగు దగ్గర మగ్గాల ఊరు. నేను సెలవుకు ఇంటికి పోతే చాలు, "ఓబుళమ్మ వచ్చిందంట గదా, ఒక సూదేయమను" అంటూ వీధిలోవాళ్లు చేయి చాపుకుని మా గడపలో కూర్చునేవాళ్లు. నా పని అది కాదనీ, ఏ ఊళ్లో ఏ జబ్బు ఎంతమందికి వస్తోంది, ఎందుకు వస్తోంది అని తేల్చే డాక్టర్లు వేరే ఉంటారనీ నేను చెప్పబోయేదాన్ని. అమ్మ మగ్గం గుంటలోనుంచే అందుకునేది.

"లెక్క పెట్టేదానికి డాక్టరు సదువు ఏంటికే? శెట్టి అంగట్లో గుమస్తాగా చేరింటే సాలు గదా!"

వీధంతా నవ్వేది. నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు తలుచుకుంటే నాకూ నవ్వే వస్తుంది.

ఈ మధ్య మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు కర్నూలులో మా ఇంటికి వచ్చారు. "మేడమ్, ఊళ్లకు పోయినప్పుడు ముందు ఏం చూడాలి?" అని అడిగారు. కాఫీ తాగినంతసేపట్లో చెప్పేది కాదు గనక ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను, అవి ఎట్లా వస్తాయో మీకు నాకన్నా బాగా తెలుసు. పైకి పంపిన రిపోర్టుల సంగతి అసలే రాయను, వాటిని పంపినవాళ్లే మళ్లీ చదవరు. కర్నూలు, కడప వైపు అరవై దాటినవాళ్లలో క్యాన్సర్ ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అని తిరిగిన రోజుల గురించే రాస్తాను. అందులోనూ చాలావరకు ఒక ముసలమ్మ గురించే ఉంటుంది. నా ఉద్యోగమంతా కలిపి నాకు నేర్పిన దానికన్నా ఆమె ఒక్కతే ఎక్కువ నేర్పింది.

అంగిట్లో టార్చిలైటు

అప్పట్లో మా పెద్ద సారు పేరు అప్పలస్వామి. శ్రీకాకుళం వైపు మనిషి. పని రాక్షసుడు. కోపం ముక్కు మీద ఉండేది, దిగిపోవడానికి కూడా ఎంతోసేపు పట్టేది కాదు. జీపెక్కగానే పాట ఎత్తుకునేవారు. ఇంజను చప్పుడు పెద్దదైనందుకు మేమందరం దేవుడికి దండం పెట్టుకునేవాళ్లం.

ఆయన వైపు పల్లెల్లో కొందరు ముసలమ్మలు చుట్టను తిరగేసి, నిప్పున్న కొనను నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటారు దాన్ని. ఆ సెగ నేరుగా అంగిలికి తగులుతుంది కాబట్టి పుండు పడితే అక్కడే పడుతుంది. సారు ఉద్యోగమంతా ఆ ఊళ్లలోనే గడిచింది. అంగిలి మీద ఆవగింజంత మచ్చ ఉన్నా ఆయన కన్నుగప్పి పోలేదు.

బదిలీ మీద ఇక్కడికి వచ్చాక కూడా ఆయన అలవాటు మారలేదు. కోసిగికి అవతల ఒక పల్లెలో క్యాంపు పెట్టాం. ముసలివాళ్లు బడి వరండాలో వరుసగా కూర్చున్నారు. సారు టార్చిలైటు వేస్తారు, "ఆ అను, తల్లీ" అంటారు, అంగిలి చూస్తారు, "బాగుంది" అంటారు. ఇంకొకరు వస్తారు. ఎండ నెత్తికెక్కకముందే క్యాంపు అయిపోయింది. ఒక్క పుండూ దొరకలేదు.

"ఏటమ్మా ఓబుళమ్మా, మీ సీమోళ్లకి రోగాలే రావేటి? రాళ్లు తిని అరిగించుకుంటారేటి?" అన్నారు తిరుగు దారిలో. జీపులో అందరం నవ్వాం.

పిల్లలూ, దీన్ని గుర్తుపెట్టుకోండి. డాక్టరు ఎక్కడ ఎక్కువ కాలం పనిచేశాడో అక్కడి జబ్బునే ప్రతి ఊళ్లోనూ వెతుకుతాడు. ఇది తెలివి తక్కువ కాదు, అనుభవం ఎక్కువ కావడం. మన వైపు ముసలమ్మలు చుట్ట కాల్చేది తక్కువ. ఆకువక్కలో పొగాకు తుంచి వేసుకుని దవడన పెట్టుకుంటారు. పొద్దున పెట్టుకున్నది అన్నం దాకా, అన్నమయ్యాక పెట్టుకున్నది మాపటి దాకా అక్కడే నానుతుంది.

రంగు పూయని మూల

ఆ ఏడాది చివర జిల్లాల పటం గీసి, పెద్దవయసు వాళ్లలో క్యాన్సర్ ఎక్కువ కనిపించిన చోట్లకు ఎర్ర రంగు పూశారు. కడప వైపు మగ్గాల ఊళ్లు ఎర్రగా మండుతున్నాయి. బద్వేలు వైపు లేత ఎరుపు. నందికొట్కూరు ఇంకొంచెం లేత. పడమటి మూల, కోసిగి వైపు, కాగితం తెల్లగా అట్లాగే ఉంది.

సమావేశంలో ఒక పెద్దాయన పటం ముందు నిలబడి తేల్చేశాడు. నేతవాళ్లకు అద్దకం రంగుల వల్ల వస్తోందట. పడమటివాళ్లు జొన్నరొట్టె, కొర్రన్నం తింటారు కాబట్టి వాళ్ల దగ్గరికి రావడానికే క్యాన్సర్ జంకుతోందట. అందరూ తలలూపారు. మరుసటి ఏడు పరీక్షల బస్సును మొత్తంగా కడప వైపే తిప్పాలనీ, పడమటికి పంపి డీజిలు దండగ చేయవద్దనీ అనుకున్నారు.

ఈ మాట ఎట్లా పాకిందో గానీ, నేను ఇంటికి చేరేలోపే మా ఊరికి చేరింది. అమ్మ ఫోన్లోనే ఒంటికాలి మీద లేచింది.

"ఏమే, మేము రంగులద్ది రోగాలు తెచ్చుకుంటాండామని చెప్పినావంట? నీకు బువ్వ పెట్టింది ఆ రంగులే గదా!"

"నేను చెప్పలేదమ్మా, ఇంకెవరో చెప్పినారు."

"నువ్వు ఆడే ఉంటివి గదా? నోరెందుకు మూసుకొనుంటివి?"

ఆ వారమంతా మా వీధిలో జొన్నరొట్టెలు కొట్టడమే పని అయిందట. వరన్నం తప్ప వేరే ఎరగని మా పిన్నమ్మ చేసిన రొట్టె పెనం మీద ముక్కలు ముక్కలైతే, చివరికి దాన్ని పెరుగులో వేసుకుని తిన్నారట.

నిజానికి నేను నోరు మూసుకోలేదు. మగ్గం ఇంట్లో పుట్టిన దాన్ని కాబట్టి నాకు తెలిసింది చెప్పాను. నేతవాళ్ల పని ఇంట్లోనే. ఏడాది పొడుగునా మనిషి కళ్లముందే ఉంటాడు. మామ రెండు రోజులు ఎక్కువ దగ్గితే పక్క మగ్గం మీద కోడలికి వినిపిస్తుంది, మూడో రోజు ప్రొద్దుటూరు డాక్టరు దగ్గర ఉంటారు. అందుకే మా వాళ్ల జబ్బు బయటపడుతుంది. పడమట అట్లా కాదు. వానలు ఎగ్గొడితే ఊళ్లకు ఊళ్లు మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలస పోతాయి. సుగ్గికి పోవడం అంటారు. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, చిన్నపిల్లలు, మేకలు. ముసలమ్మ నోట్లో పుండు పడితే చూసేదెవరు? మరీ తట్టుకోలేక పోయినవాళ్లు కూడా రైలెక్కి రాయచూరుకో, బస్సెక్కి బళ్లారికో పోతారు. వాళ్ల జబ్బు పక్క రాష్ట్రం లెక్కలో పడుతుంది. బద్వేలు వాళ్ల జబ్బు పక్క జిల్లా నెల్లూరు లెక్కలో పడ్డట్టే ఇదీను.

"మీ మగ్గాలను వెనకేసుకొస్తున్నారు, మేడమ్" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నానే స్వయంగా నోళ్లు చూశానమ్మా" అన్నారు అప్పలస్వామి సారు.

"మీరు చూశారు సార్. నేనొకసారి ఇళ్లల్లోకి పోయి చూసి వస్తా" అన్నాను.

"ఎల్లిరా. రొట్టె తినేసిరా" అన్నారు. వెటకారమే, కానీ వెళ్లనిచ్చారు. నా ఉద్యోగంలో చాలామంది పెద్దలను చూశాను. తప్పని చెబితే నవ్వే పెద్దలు ఉంటారు, వెళ్లి చూసిరమ్మనే పెద్దలు చాలా తక్కువ.

చెల్లెలు పెద్దదయిన ఊరు

అదే పల్లెకు మళ్లీ పోయాను. సంక్రాంతి దాటి కొన్నాళ్లయింది. సగం ఇళ్లకు తాళాలు. ఒక అరుగు మీద ఇద్దరు ముసలమ్మలు కూర్చుని ఉల్లిగడ్డలు ఒలుస్తున్నారు. ఒకామె ఉరుకుందమ్మ, ఇంకొకామె తిక్కమ్మ. నేను చాప లాక్కుని కూర్చుని, వయసుతో మొదలుపెట్టాను.

"నీకెన్నేండ్లు అవ్వా?"

"కార్డులోయా, నిజమువా?" అంది ఉరుకుందమ్మ.

"రెండూ చెప్పు."

"కార్డులో డెబ్బై. నిజము నాకేం తెల్దు, మా యమ్మకు తెలిసేది. ఈ తిక్కమ్మకు కార్డులో డెబ్బై అయిదు."

"అంటే మీ అక్కా?"

"యాడక్క? నా సెల్లెలు! సంకనేసుకొని పెంచితి దీన్ని. పింఛను కావల్లని నాకంటే ముందు అది వయసు పెంచి రాపిచ్చుకొనె. అప్పుట్నుంచి అదే పెద్దది."

"అవును, పెద్దదాన్ని. మర్యాదిచ్చి మాట్లాడు" అంది తిక్కమ్మ, ఉల్లిగడ్డ మీదనుంచి చూపు తిప్పకుండా.

ఆ ఊళ్లో అట్లాంటి తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంకా చాలామంది తేలారు. ఒకాయన కార్డు ప్రకారం తన మేనమామకన్నా పెద్దవాడు. నవ్వుకున్నాను గానీ, మా పనికి ఇది చిన్న విషయం కాదు. యాభై అయిదేళ్ల మనిషి కాగితం మీద అరవై అయిదు దాటితే ఊళ్లో ముసలివాళ్ల సంఖ్య ఉత్తపుణ్యానికి పెరుగుతుంది. అంతమందిలో జబ్బు ఇంతేనా అని మనం సంతోషపడతాం. మా నేతవాళ్లకు పింఛను వయసు ముందే వస్తుంది, వాళ్లకు ఈ తిప్పలు తక్కువ. రెండు ఊళ్లను పోల్చే ముందు, రెండు ఊళ్లలో ముసలితనం ఎట్లా వస్తుందో కనుక్కోండి.

కారం తినని మనిషి

మధ్యాహ్నం అన్నం తినకుండా కదలనివ్వం అన్నారు. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయలు నూరిన ఊరిమిండి, పచ్చి ఉల్లిగడ్డ పెట్టారు. ఆ ఊరిమిండికి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. తిక్కమ్మ దాన్ని పెరుగన్నంలా తింటోంది. ఉరుకుందమ్మ మాత్రం రొట్టెను మజ్జిగలో నానబెట్టి, మెత్తగా పిసికి, ఒక పక్కనుంచి మింగుతోంది.

"నువ్వు ఊరిమిండి వేసుకోవా, అవ్వా?"

"నాకొద్దులే మే. కారం పడ్డంలే."

"పోయిన సుగ్గి కాడ్నుంచి మానేసె" అంది తిక్కమ్మ. "అంతకుముందు పచ్చిమిరపకాయ పటపటా కొరుక్కొని తింటాండె. ఇప్పుడు సప్పిడి మారాణి అయిపోయె."

నేను చేతిలో రొట్టె ముక్క కింద పెట్టేశాను. పడమటి కర్నూలు మనిషి కారం మానేసిందంటే, నోట్లో ఏదో మండుతోందని అర్థం.

"మొన్న క్యాంపులో నోరు చూపించలేదా?"

"సూపిస్తి గదా! ఆ పెద్ద డాక్టరు లైటేసి సూసి, బాగుండాదనె."

"అప్పుడు నోట్లో ఆకువక్క ఉండిందా?"

"ఉంటే ఏమాయ? దవడకు పెట్టుకొని నోరు తెరిస్తి."

"ఉమ్మేయలేదా?"

ఉరుకుందమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"డాక్టరు ముందర ఉమ్ముతారా ఎవరన్నా? మా యమ్మ నాకు అంతమాత్రం మర్యాద నేర్పీలేదనుకొంటివా?"

తిక్కమ్మ కూడా చెంగు అడ్డం పెట్టుకుని, "నేనూ ఉమ్మలే. ఎవురూ ఉమ్మలే. పెద్దమనిషి, దొరమాదిరుండె" అంది.

అప్పుడు అర్థమైంది నాకు. ఆరోజు వరండాలో కూర్చున్న ముసలివాళ్లందరూ గౌరవంగా పొగాకు ముద్దను దవడ మూలకు తోసుకుని, నోరు తెరిచి, అంగిలి చూపించారు. సారు అంగిలి చూసి, గౌరవంగా "బాగుంది" అన్నారు. అటు మర్యాద, ఇటు అనుభవం. రెండింటి మధ్యా పుండు ముద్ద కింద చల్లగా కూర్చుంది. మా సీమవాళ్లు తప్ప ఇంకెవరూ ఇంత మర్యాదగా జబ్బు దాచుకోలేరు!

"లేయి అవ్వా. ఉమ్మేసి, నోరు కడుక్కొని రా" అన్నాను. గొణుక్కుంటూ పోయి వచ్చింది. వెలుతురు వైపు కూర్చోబెట్టి, వేలికి గుడ్డ చుట్టుకుని దవడ పక్కకు లాగి చూశాను. చిక్కుడు గింజంత పుండు. అంచులు గట్టిగా ఉన్నాయి, చుట్టూ తెల్లగా పాలిపోయింది. సూది వేయని డాక్టరునైనా, అదేమిటో నాకు తెలుసు. నాకు చాలా భయమేసింది, ఆ భయం ఆమెకు కనిపించకూడదని టార్చిలైటు ఆర్పి మళ్లీ వెలిగించాను.

"కొడుకు రావల్ల"

ఇట్లాంటప్పుడు చాలామంది డాక్టర్లు ముసలివాళ్లకు జబ్బు పేరు చెప్పరు. "చిన్న పుండు, మందు రాస్తాం" అని ఆమెకు చెప్పి, బంధువులను పక్కకు పిలిచి గుసగుసలాడతారు. ఇది నాకు మొదటినుంచీ గిట్టదు. జబ్బు ఆమెది, నోరు ఆమెది. పక్కకు పిలవడానికి అక్కడ ఎవరున్నారు, తిక్కమ్మ తప్ప?

"అవ్వా, ఇది క్యాన్సర్ కావచ్చు. కర్నూలుకు పోయి ముక్క పరీక్ష చేయిస్తే తెలుస్తుంది. అదే అయితే కోసి తీసేయాలి. ఇప్పుడైతే చిన్నది."

ఉరుకుందమ్మ ఏడవలేదు. ఉల్లిగడ్డల చేటను పక్కకు జరిపింది.

"మావాడు రావల్ల" అంది. "ఈరన్న, నా కోడలు గుంటూరు తట్టు పోయిండారు. ఉగాదికి వస్తారు. వాడొచ్చినాక పోతా. ఈ ఇద్దరు ఆడపిల్లోల్లు, మేకలు నామీదనే వదిలిపెట్టి పోయిరి."

"ఉగాది దాకా ఆగితే పెరుగుతుంది."

"వాడు లేకుండ నేను ఆసుపత్రికి పోతే, ఊరు ఏమంటాది? ఉరుకుందమ్మకు కొడుకుండీ దిక్కులేదు అనదా? వాడు తలెత్తుకొని తిరగల్లనా వద్దా?"

ప్రాణం పోతుందంటే కొడుకు పరువు గురించి ఆలోచిస్తోంది! నాకు కోపం వచ్చింది, నోరు కూడా పారేసుకున్నాను. "వాడి తల ఎత్తడానికి నీ తల తీసేసుకుంటావా?" అన్నాను. తిక్కమ్మ నా వైపు చూసి "గట్టిగా చెప్పు" అన్నట్టు తలూపింది.

ఫోన్ కలిపించాను. ఈరన్న మిరప తోటలో ఉన్నాడు, వెనక నుంచి కూలీల కేకలు వినిపిస్తున్నాయి. విషయం చెప్పాను.

"మేడం, ఉగాది దాకా ఆగమనండి. నేనే వచ్చి తీస్కపోతా. నేను లేకుండ మాయమ్మను కొయ్యొద్దండి. దండం పెడ్తా" అన్నాడు. తల్లి మీద ప్రేమ లేక కాదు, ఉన్నందుకే ఆగమంటున్నాడు.

ఆమెకు ఆ మాట చెప్పాను. ఆమె సంతోషంగా, "సూస్తివా, నా కొడుకు!" అంది. ఇక లాభం లేదనిపించింది. ఉన్నదున్నట్టు చెప్పడం తప్ప దారి లేదు.

"అవ్వా, ఇప్పుడు కోస్తే బాగయ్యే అవకాశం శానా ఉంది. ఉగాదికి మెడలోకి దిగిందంటే, కోసేవాళ్లు కూడా చేతులెత్తేయొచ్చు. నేను బెదిరించడం లేదు. నీ కొడుక్కు చెప్పిందే నీకూ చెప్తున్నాను."

ఆమె మేకల వైపు చూసింది.

"అయితే మే, అప్పుడొచ్చి వాడు నన్ను యాడికి తీస్కపోతాడు? మన్నుకేనా?"

తిక్కమ్మ ఏడుపు మొదలుపెట్టింది.

"ఏడ్చేది ఆపి, మేకలు సూసుకుంటావా లేదా సెప్పు" అంది ఉరుకుందమ్మ చెల్లెలితో.

"సూసుకుంటా. పిల్లోల్లను గూడ సూసుకుంటా. నువ్వు పో, అక్కా."

"ఇప్పుడు అక్కనైనానా?" అంటూ ఆమె లేచి, మూట కట్టుకోవడానికి లోపలికి పోయింది.

ముందు ఉమ్మండి

పరీక్షలో క్యాన్సరేనని తేలింది. ఆపరేషను కాగితం మీద కొడుకు సంతకం ఏదని ఎవరో అడిగారు. "కొడుకు నోరు కాదు గదా కోసేది. నా ఏలిముద్ర తీసుకోండి" అని ఆమే చేయి చాపింది. ఆపరేషను రోజు వచ్చేదాకా ఆమె మా ఇంట్లోనే ఉంది. మా అమ్మ కూడా అప్పటికి ఊరినుంచి నా దగ్గరికి వచ్చి ఉంది. ఇద్దరికీ మొదటి రోజే దోస్తీ కుదిరింది. ఒకామె మిరపచేల గురించి, ఇంకొకామె మగ్గం గురించి, ఇద్దరూ కలిసి నా గురించి మాట్లాడుకునేవాళ్లు.

ఆ మధ్యలోనే అప్పలస్వామి సారుకు సంగతంతా చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది. ఇక జీపులో పాటలు బంద్ అనుకున్నాను. కాసేపటికి పకపకా నవ్వడం మొదలుపెట్టారు.

"ఓరి నాయనో! నాకు మర్యాద సేసి సంపేసేవోరన్నమాట!" అన్నారు. ఆ నవ్వు ఆగాక, "మళ్లీ ఎల్దాం పద. నానే వస్తాను" అన్నారు.

వారం తిరక్కుండా అదే బడి వరండాలో క్యాంపు పెట్టాం. ఈసారి వాకిట్లో బూడిద పోసిన తట్టలు, నీళ్ల బిందె. సారు తట్ట పక్కన నిలబడి, తనే ముందు ఒక వక్క నమిలి, అందరూ చూస్తుండగా బూడిదలో తుపుక్కున ఉమ్మారు. ముసలివాళ్లు అవాక్కయ్యారు. "పెద్ద డాక్టరే ఉమ్మె!" అని నవ్వుతూ ఒక్కొక్కరే వచ్చి ఉమ్మి, పుక్కిలించి, దవడ చూపించారు. తెల్ల మచ్చలు దొరికాయి, పుండ్లూ దొరికాయి. చాలావరకు ఇంకా చిన్నవే. ఆ ఏడాది పటంలో పడమటి మూలకు ఎర్ర రంగు ఎక్కింది. బస్సు కూడా అక్కడికి పోయింది.

"ఒక్క ఏడాదిలో పడమట క్యాన్సర్ ఇంత పెరిగిందేమిటి? మీరు ఏం చేస్తున్నట్టు?" అని సమావేశంలో ఆ పెద్దాయన గద్దించాడు.

సారు కుర్చీలోంచి లేచారు. "పెరగలేదండీ. సూడ్డం నేర్చుకున్నాం" అన్నారు.

పిల్లలూ, ఎక్కడైనా జబ్బు తక్కువగా కనిపిస్తే సంబరపడకండి. అక్కడ నిజంగానే తక్కువా, లేక మనం అడిగే తీరులో లోపమా అని చూడండి. తేడాలు ఉంటాయి, నేను లేవనడం లేదు. చుట్టకూ ఆకువక్కకూ తేడా ఉంది, అంగిలికీ దవడకూ తేడా ఉంది. కానీ మనుషులు ఎట్లా బతుకుతున్నారో తెలియకుండా పటానికి రంగు పూయకండి. ఎక్కువైన చోట తిండినీ పనినీ నిందించే ముందు కూడా ఇదే మాట.

అడక్కుండా కోసినందుకు

ఆపరేషను చేసిన సర్జను కుర్రవాడే. చేయి మంచిది. బయటికి వచ్చి, "మొత్తం తీసేశాను మేడమ్. మెడలోకి దిగలేదు. ప్రాణానికి భయం లేదు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మాట సంగతే చెప్పలేను. నోరు పూర్తిగా తెరుచుకోకపోవచ్చు. ఆమె అన్నది మనకు అర్థం కాకపోనూవచ్చు" అన్నాడు.

కొన్ని రోజులు ఉరుకుందమ్మ మాట్లాడలేదు. మాట్లాడవద్దన్నారు, ఆమె ప్రయత్నించనూ లేదు. ముక్కులో గొట్టం, చెంపకు కట్టు. కళ్లతోనే అన్నీ చూసేది. మా అమ్మ మంచం పక్కన కూర్చుని ఇద్దరి మాటలూ తనే మాట్లాడేది. గొట్టం తీసేశారు. కొంచెం కొంచెం మాట్లాడమన్నారు. అయినా ఆమె పెదవి విప్పలేదు. మాట రాదని తెలుసుకోవడానికి భయపడుతోందని నాకు అనిపించింది. నాకూ భయంగానే ఉండింది. అంత గట్టి మాట మనిషిని తీసుకొచ్చి మూగదాన్ని చేశానా అని రోజూ వార్డు గుమ్మం దగ్గర ఒక క్షణం ఆగి లోపలికి పోయేదాన్ని.

అట్లా ఆగి ఉన్న ఒక పొద్దున ఈరన్న వచ్చాడు. చేతులకు ఇంకా మిరప ఎరుపు పోలేదు. కళ్లు వాచిపోయి ఉన్నాయి. అక్క మాట్లాడడం లేదని నా దగ్గర విన్న తిక్కమ్మ ఫోన్ చేసి చెప్పిందట, రాత్రంతా బస్సులు మారి వచ్చాడట.

"నువ్వేనా డాక్టరమ్మా?" అన్నాడు. "ఆగమని దండం పెడ్తి గదా! నన్ను అడక్కుండ మాయమ్మను ఎట్ల కోస్తిరి? మాట పోయిందంట గదా! మాట ల్యాకుండ మాయమ్మ ఎట్ల బతుకుతాది? ఊరందరికీ ఆమె మాటే గదా!"

వార్డంతా తిరిగి చూసింది. నేను కూడా ఊరుకునే రకం కాదు, నోరు తెరవబోయాను. కానీ ఏం చెప్పను? అతను అన్నదే నా భయం కూడా.

"రేయ్!"

మంచం మీదినుంచి వచ్చింది ఆ కేక. మాట ముద్దగానే ఉంది. ఒక పక్క పెదవి కదలడం లేదు. అయినా ప్రతి అక్షరం అర్థమైంది.

"ఎవుర్ని రా అరుస్తాండావు? డాక్టరమ్మ మీదనా? నీకు బుద్ది ఉండాదా? నిన్ను అడిగేదేంది? నా ఏలిముద్ర నేనే ఏస్తి! ఆడ కోత ఇడ్సిపెట్టి ఈడికేంటికొస్తివి? నా కోడల్ని ఒక్కదాన్నే తోటలో వదిలిపెట్టి వస్తివా? బువ్వ తింటివా లేదా? ఆ మొగమేంది, ఎన్ని దినాలాయ నిద్రపోక? తిక్కమ్మ చెప్పిన మాటకు పరిగెత్తుకొస్తివా, తిక్కనాకొడకా..."

ఆగితే గదా! లోపల దాచుకున్న మాటలన్నీ ఒక్కసారిగా వచ్చినట్టున్నాయి. మా అమ్మ చప్పట్లు కొట్టింది. అప్పుడే లోపలికి వచ్చిన సర్జను, "ఎక్కువ మాట్లాడకూడదు" అనబోయి, గోడకు చేరగిలబడి నవ్వుతూ వింటున్నాడు.

ఈరన్న మంచం దగ్గరికి పోయి, నేల మీద కూలబడి, తల్లి కాళ్ల మీద తల పెట్టాడు. భుజాలు ఎగసిపడుతున్నాయి. ఆమె ఒక చేత్తో వాడి నెత్తి నిమురుతూనే తిడుతోంది. కాసేపటికి అలసిపోయి ఆగింది.

వాడు తలెత్తాడు. మొహమంతా నీళ్లు.

"తిట్టు మా" అన్నాడు. "ఇంగా తిట్టు."